పదమూడో రీలు

రామచంద్రపురంలో సినిమా మీద పందెం కట్టినవాళ్ళు చివరికి తేల్చుకోవడానికి వెంకటరమణ దగ్గరికే వస్తారు. పాటలో వాన మొదలైనప్పుడు హీరోయిన్ కట్టుకున్న చీరేంటి, వాన వెలిసేసరికి ఒంటి మీదున్న చీరేంటి? ఫైటింగులో పగిలిన కుండ తర్వాతి ముక్కలో ఎలా అతుక్కుంది? రమణ కళ్ళు మూసుకుని రీలు నంబరుతో సహా చెబుతాడు. ఇంతవరకు అతను తప్పని ఎవరూ రుజువు చెయ్యలేకపోయారు. యాభై తొమ్మిదేళ్ళ మనిషికి ఊళ్ళో ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే.

మిగతాది చెప్పుకోదగ్గది కాదు. పదో తరగతి తప్పాడు. దేవకుమారి టాకీస్‌లో గేటు దగ్గర చేరాడు. రీళ్ళు మోశాడు, చుట్టాడు, తెగితే అతికించాడు, ఆపరేటరయ్యాడు. టాకీసు మూతపడ్డాక యజమాని దాన్ని కల్యాణ మండపం చేశాడు. తెర ఉన్నచోట పెళ్ళి వేదిక వచ్చింది. ప్రొజెక్టరు గదిలోకి జనరేటరు సామాను వెళ్ళింది. పాత కుర్చీలతో పాటు రమణనీ ఉంచేశారు. ఇప్పుడతని పని కుర్చీలు వెయ్యడం, తియ్యడం, కరెంటు పోతే జనరేటరు ఆన్ చెయ్యడం. పెళ్ళిళ్ళలో ఎవరి పట్టింపులు వాళ్ళవి. పుంతపాలెం వాళ్ళయితే కొందరు మొదటి వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచమంటారు. వేసేవాడు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

మనవరాలు హారతి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. సినిమాల్లో తప్పులు తాత చేత చెప్పించి, ఫోన్లో తీసి యూట్యూబులో పెడుతుంది. ఛానెల్ పేరు ‘తప్పుల తాతయ్య’. మొన్న ఆ పిల్ల సినిమాని వదిలి ఒక కార్టూను పట్టుకొచ్చింది.

ఆ కార్టూను పేరు ‘పెద్దిరాజుగారి పెంకుటిల్లు’. రాజమండ్రిలో నలుగురు కుర్రాళ్ళు బొమ్మలు గీసి తీస్తున్న నవ్వుల సీరియల్. రైతు పెద్దిరాజు, ఆయన భార్య, కూతురు చిన్నమ్మాయి, వీళ్ళందరినీ తిడుతూ ఒక తాత. ప్రతి ఎపిసోడ్‌లోనూ పాత సినిమాల్లోని సీన్లు దూరుస్తారు. ఏది దేన్లోదో పట్టుకోవడం చూసేవాళ్ళకి సరదా. ఎనిమిదో ఎపిసోడ్‌లో తాత పోయాడు. తొమ్మిదోది చిన్నమ్మాయి పెళ్ళి.

మధ్యాహ్నం ఖాళీ మండపంలో, దొంతర్లు పేర్చిన కుర్చీల ముందు హారతి ఫోను నిలబెట్టింది.

“చిన్నవి ముందు చెప్పు తాతయ్యా. పెద్దది ఆఖర్న.”

“ఇంటర్వెల్ ఎక్కడ వెయ్యాలో నాకు చెప్తావేంటే. కూర్చో.”

అతను చెప్పుకుపోయాడు. పెళ్ళికూతురి బుగ్గచుక్క ఎడమ బుగ్గన మొదలై తాళి కట్టేవేళకి కుడి బుగ్గకి వెళ్ళింది. పందిరికి ఆరు రాటలుండాల్సింది, జీలకర్ర బెల్లం దగ్గరకి ఐదే మిగిలాయి. “ఆరోది పెద్దిరాజుగారు పొయ్యిలో పెట్టుకునుంటారు.” వంటవాడి చేతిలో గరిటె చూస్తుండగానే జల్లెడయింది. గోడగడియారంలో పొద్దుటినుంచీ పదింపావే. ఐదోది, పెద్దిరాజు చిన్నప్పుడు సినిమాకెళ్ళిన సీను. తెరమీద బొమ్మ ఆడుతుంటే కింద కుడిమూల జానెడు మేర తెల్లగా ఉండిపోయింది. “రంగెయ్యడం మర్చిపోయారు. జీతాలిస్తన్నారో లేదో పాపం.” ఆరోది ఎద్దు కొమ్ములు, ఒక సీన్లో పొడుగు, ఇంకోదాన్లో పొట్టి. ఇక ఏడోది.

ఎపిసోడ్ చివర, చనిపోయిన తాత తెల్లపంచె కట్టుకుని, కండువా వేసుకుని పందిరి అంచున వచ్చి నిలబడతాడు. ఎవరూ ఆయన్ని పలకరించరు. పెళ్ళికూతురొక్కతే చూసి చేతులు జోడిస్తుంది.

“ఇది ‘రేవు దాటిన రంగడు’ క్లైమాక్సు” అన్నాడు రమణ. “రాట దగ్గర్నుంచి కండువా దాకా అచ్చు దింపేశారు. కానీ బాబూ, ఆ సినిమాలో రంగడి నాన్న చావలేదు. వరదలో పోయాడనుకుంటాం. పదమూడో రీల్లో బతికే దొరుకుతాడు. పెళ్ళికి ప్రాణంతో వచ్చిన మనిషిని పట్టుకుని మీరు దెయ్యాన్ని చేసేశారు. సినిమా చూసి దణ్ణం పెట్టాలి గానీ, చూడకుండా పెడితే ఎలాగండీ?”

పదమూడో రీలు అన్నప్పుడు అతని నాలుక తడబడింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ చెప్పాడు. ఆ తడబాటుని హారతి కత్తిరించేసింది.

మూడు రోజుల్లో నాలుగు లక్షల మంది చూశారు. టీకొట్టు దగ్గర జనం “దెయ్యాన్ని చేసేశారు” అని అతని గొంతుతోనే అని నవ్వుకున్నారు. రమణ రెండు పూటలా టీకొట్టుకి వెళ్ళాడు. టీ కోసం కాదు.

మంగళవారం పొద్దున్న మండపంలో కుర్చీలు తుడుస్తుంటే ఒకతను వచ్చాడు. నలభైకి దగ్గరున్నాడు. సంచీ గుండెల మీదకి వేసుకుని, చెప్పులు గుమ్మంలోనే విడిచాడు.

“రమణగారంటే మీరేనాండి?”

“ఆయ్. ముహూర్తం ఎప్పుడండి?”

“పెళ్ళి పని కాదండి. ఏడు తప్పులు చేసినోణ్ణి. గణేష్‌బాబునండి, పెంకుటిల్లు సీరియల్ నాది.”

గొడవకి వచ్చాడనుకున్నాడు రమణ. “వీడియో తీసెయ్యమంటారా?”

“తీసినా ఒకటే, ఉంచినా ఒకటేనండి. మా సీరియల్ ఒక కంపెనీ వాళ్ళు తీసుకుంటామన్నారు. నిన్న ఫోన్ చేసి, ‘సినిమాలు చూసినోళ్ళెవరన్నా ఉన్నారా మీ దగ్గర’ అన్నారు. శుక్రవారం చెప్తారంట.” గణేష్‌బాబు కుర్చీ చివరన కూర్చున్నాడు. “దానికి రాలేదండి. ఒక్కటడుగుదామని. ఆ సినిమా నేను మూడుసార్లు చూశానండి. మా అమ్మ ఐదుసార్లు చూసింది. మీరన్న సీను అందులో లేదు. నాన్న వరదలో పోతాడు, తర్వాత పెళ్ళే. మా అమ్మా నేనూ ఇద్దరం మర్చిపోతామాండి?”

“ఎక్కడ చూశారు?”

“పుంతపాలెం హాల్లో. మా ఊరే. తెరకి మూల అతుకుండేది.”

రమణ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆ అతుకు అతను వేసిందే. అక్కడి ఆపరేటరు విజయ్ పాల్ గుడ్డ లాగి పట్టుకుంటే, దబ్బనం పెట్టి కుట్టాడు. కొత్తగుడ్డ కావడంతో బొమ్మ పడ్డప్పుడు అక్కడ తెల్లగా మెరిసేది. రంగెయ్యడం మర్చిపోయారని నాలుగు లక్షల మందికి చెప్పింది దాని గురించే.

నిజం అప్పుడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు.

“పల్లెటూరి హాళ్ళు కదండీ” అన్నాడు. “ఆట తొందరగా అవ్వాలని అక్కడి ఆపరేటర్లే కత్తిరించేసేవారు.”

“విజయ్ పాల్ గారా?” గణేష్‌బాబు నమ్మలేనట్టు చూశాడు. “ఆయన పోయి ఆరేళ్ళయ్యిందండి. మంచాయన. మాకు టికెట్టు లేకపోయినా పక్క తలుపు తీసేవాడు. ఆయనా?”

“ఏమో మరి.”

గణేష్‌బాబు సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత తనే చెప్పాడు. ఆ ఏడే వాళ్ళ నాన్న ఇసక పడవ మీంచి గోదాట్లో పడిపోయాడు. మనిషి దొరకలేదు. దొరకని మనిషి కోసం ఏడవాలో, ఎదురుచూడాలో తల్లికి తెలియలేదు. అప్పుడొచ్చింది ఆ సినిమా. రంగడి నాన్న పెళ్ళికొచ్చి నిలబడితే హాలంతా ఏడ్చిందట.

“చచ్చినోళ్ళు పెళ్ళికొస్తారని మా అమ్మ అప్పట్నుంచీ నమ్మిందండి. మా అక్క పెళ్ళి ఈ మండపంలోనే, తెరిచిన కొత్తల్లో. మొదటి వరసలో నాన్నకి కుర్చీ వేయించింది. అది చూసి ఊళ్ళో ఇంకా కొందరు అలవాటు చేసుకున్నారు. ఈ వీడియో అమ్మకి ఇంకా చూపించలేదండి.” లేచి చెప్పులేసుకున్నాడు. “తప్పు నాదేలెండి. టీవీలో వచ్చినప్పుడైనా చూసుకోవాల్సింది.”

అతను వెళ్ళాక రమణ అదే కుర్చీని చాలాసేపు తుడిచాడు.

ముప్పై ఏళ్ళ కిందటి శ్రావణం. రామచంద్రపురంలో ఆడటం అయిపోయాక ఆ సినిమాని పుంతపాలెం హాలుకి పంపారు. రీళ్ళ డబ్బాలు సైకిలు మీద కాలవగట్టున చేరవెయ్యడం రమణ పని. ఆఖరి విడత తీసుకెళ్తుంటే లాకుల దగ్గర తెలిసినవాళ్ళు పేకాడుతున్నారు. “ఒక్కాట” అన్నారు. సైకిలు కటకటాలకి ఆనించి కూర్చున్నాడు. ఎన్ని ఆటలయ్యాయో తెలియదు. చప్పుడైతే తల తిప్పాడు. సైకిలు పడి ఉంది. ఒక డబ్బా లేదు. కింద లాకుల్లో నీళ్ళు నురగలు కక్కుతున్నాయి. అతనికి ఈత వచ్చు. దిగలేదు. చేతిలో మంచి ముక్కలు పడ్డాయన్న సంగతి ఇప్పటికీ గుర్తుంది, అదే అసహ్యం.

విజయ్ పాల్‌తో, “పదమూడు సెన్సారు వాళ్ళు తీసేశారంట గురూ, పన్నెండుకి పద్నాలుగు అతికించెయ్” అన్నాడు. విజయ్ పాల్ నమ్మి అతికించాడు. ఆఖరి సీనులో నాన్నకి మాటల్లేవు, వచ్చి నిలబడతాడంతే. ఎవరికీ అనుమానం రాలేదు. రీళ్ళు తిరిగి పంపేటప్పుడు పాత అడ్వటైజుమెంట్ల రీలుకి పదమూడని చీటీ అంటించి పంపేశాడు. ఎవరూ అడగలేదు. ఎవరూ అడగకపోతే తప్పు చెయ్యనట్టే అనుకుని బతికాడు. ఊరందరి తప్పులూ పట్టాడు.

అప్పుడు విజయ్ పాల్‌కి అబద్ధం చెప్పాడు. ఇప్పుడు చచ్చినవాడి మీదే అబద్ధం చెప్పాడు. మొదటిదానికి భయమని పేరు పెట్టుకోవచ్చు. రెండోదానికి ఏ పేరు పెట్టాలో అతనికి దొరకలేదు.

బుధవారం హారతి కాలేజీ నుంచి రాగానే ఫోను నిలబెట్టమన్నాడు. విషయం విని ఆ పిల్ల మొహం మాడ్చుకుంది.

“పరువు పోద్ది తాతయ్యా. ఇంకెవడూ నిన్ను సినిమా అడగడు.”

“ఉందేంటే ఇంకా?”

“పోనీ కాలవలో పడిందని చెప్పు. పేకాట ఎందుకు?”

“పేకాడేను గనక. పెట్టు. ఈసారి ముక్క కూడా కత్తిరించకు.”

కళ్ళు మూసుకోకుండా చెప్పాడు. ఐదోది తప్పు కాదు, ఆ తెరకి అతుకు వేసింది నేనే. ఏడోది తప్పు కాదు, ఆ రీలు పోగొట్టింది నేనే. గణేష్‌బాబు సినిమా సరిగ్గానే చూశాడు, నేను సరిగ్గా చూపించలేదు. విజయ్ పాల్ ఏ రీలూ కత్తిరించలేదు. మధ్యలో రెండుసార్లు మాట తడబడి, మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. హారతి అదంతా అలాగే పెట్టింది.

దీన్ని అంతమంది చూడలేదు. ఊళ్ళో వాళ్ళు మాత్రం అందరూ చూశారు. టీకొట్టు దగ్గర పందెం వేసుకున్న ఇద్దరు, అతన్ని అడక్కుండా అతని ముందే ఫోను తీసి చూసుకున్నారు. శుక్రవారం కంపెనీ వాళ్ళు ఇంకో రెండు ఎపిసోడ్లు చూసి చెప్తామన్నారని హారతికి గణేష్‌బాబు మెసేజి పెట్టాడు. ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. అది మన్నింపో, ముగింపో తెలియలేదు.

ఆదివారం గణేష్‌బాబు తల్లిని తీసుకుని వచ్చాడు. లోవలక్ష్మికి డెబ్బై దగ్గర పడ్డాయి. నడుము వంగింది గాని చూపు వంగలేదు. వెళ్ళి మొదటి వరసలో కూర్చుంది. రమణ ఎదురుగా నిలబడ్డాడు.

“మీరేనాండి పారేసింది?”

“నేనేనండి.”

“కూర్చోండి. నిలబడితే నా మెడ పట్టేస్తాది.” అతను కూర్చున్నాక అంది, “ఇప్పుడు చెప్పండి మరి. ఆ రీలు.”

“అమ్మా?”

“నేను టికెట్టు కొనుక్కునే చూశాను కదండీ ఐదుసార్లు. నాకు రావాల్సింది నాకు చెప్పండి. ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడంట ఆయన?”

రమణ నేల వైపు చూస్తూ మొదలుపెట్టాడు. రంగడు సముద్రం ఒడ్డంబడి ఊరూరా వెతుక్కుంటూ వెళ్తాడు. ఒక బెస్తవారి పాకలో నాన్న కనిపిస్తాడు, కాలు విరిగి. బాగయ్యి చాలా కాలమైంది. ఇంటికి రాలేదు. వరదలో జనాన్ని రేవు దాటించే పంటు నడిపింది తనే, అది మునిగింది తన చేతుల్లో, ఆ పోయినవాళ్ళ ఊరికి ఏ మొహం పెట్టుకుని వస్తానంటాడు.

ఇక్కడ రమణ ఆగిపోయాడు.

“ఊఁ” అంది లోవలక్ష్మి.

“కొడుకు ఏమీ అనడండి. చెయ్యి పట్టుకుని పడవెక్కిస్తాడు. అంతేనండి రీలు.”

ఆవిడ చాలాసేపు వేదిక వైపు, తెర ఉండే చోటు వైపు చూసింది.

“బాగుంది” అంది చివరికి. “కానీ మేం చూసిందే బాగుంది.”

రమణ తలెత్తలేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఆవిడ కొడుకు భుజం పట్టుకుని లేచింది. “వైశాఖంలో మా మనవరాలి పెళ్ళి, ఇక్కడే. మొదటి వరసలో కుర్చీ కావాలి. ఆయన రాకపోతే పోయె, కుర్చీ ఉండాలి. మీ చేత్తోనే వెయ్యాలండి.”

“ఆయ్” అన్నాడు రమణ.

వాళ్ళు వెళ్ళాక దొంతర్లలోంచి కుర్చీలు ఒక్కొక్కటే దించి చూశాడు. ఒకదాని కోడు ఊగుతోంది. ఒకదాని వెనక పగులు. ఒకదాని మీద ఏ పెళ్ళిదో పసుపు మరక, ఎంత తుడిచినా పోలేదు. మొదటి వరసకి తగిన కుర్చీ కోసం సాయంత్రందాకా వెతికాడు. అన్నిట్లోనూ ఏదో ఒక తప్పు కనిపిస్తూనే ఉంది.