బాపు కొలిమిలో బావ పదార్థం

మా బావకు బహుమతి వచ్చిన సంగతి మాకు మొదట చెప్పింది క్లబ్బు సెక్రెటరీ. ఆ రోజుల్లో బెల్లంపల్లిలో మా గని క్వార్టర్ల మధ్య ఒక క్లబ్బు ఉండేది. రెండు క్యారంబోర్డులు, ఒక రేడియో, ఒకే ఒక్క తెలుగు పేపరు, అంతే దాని ఆస్తి. ఆ పేపరు ముందుగా చదివే హక్కు తనదేనని సెక్రెటరీ నమ్మకం. ఆయన చదివి మడిచేదాకా మిగతావాళ్ళు రేడియో వినాల్సిందే. ఒక ఆదివారం పొద్దున్నే ఆయన ఆ పేపరు చేతిలో పట్టుకుని, ఒక కాలికే చెప్పుతో మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, మీ అల్లుడు పేపర్ల పడ్డడు!"

మా అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్ళం. అవ్వ చేతిలోని చేట జారి బియ్యం వాకిలంతా పరుచుకుంది. పేపర్లో పడడమంటే ఆమెకు తెలిసినవి రెండే. రైలు పట్టాలు తప్పడం, గనిలో కప్పు కూలడం. "అయ్యో, నా బిడ్డ బతుకేం గావాలె" అని ఏడుపు అందుకుంది. ఆ కేకకు మా క్వార్టర్ల లైనులోని ఆడవాళ్ళంతా వచ్చేశారు. ఎందుకో తెలియకుండానే ఇద్దరు ముగ్గురు తామూ ఏడవడం మొదలుపెట్టారు.

సెక్రెటరీ పరేషాన్ అయిపోయాడు. "ఏడ్వకు తల్లీ, మంచికే పడ్డడు" అని పేపరు నా చేతిలో పెట్టాడు.

నేనప్పుడు ఆడపిల్లల బడిలో టీచరును. ఇంకా పెళ్ళి కాలేదు. అవ్వ, బాపులతోనే ఉండేదాన్ని. గట్టిగా చదివాను. కొత్త పదార్థాల పరిశోధనలో విశేష కృషి చేసినవారికి ఢిల్లీలోని ఒక శాస్త్ర సంఘం ఇచ్చే పురస్కారం ఈసారి మా బావకు వచ్చిందని రాశారు. బావది జగిత్యాల. బడిపంతులు కొడుకు. హైదరాబాదులో ఏదో పరిశోధనశాలలో ఉద్యోగమని తెలుసుగానీ అక్కడ ఏం చేస్తాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అక్కకు కూడా తెలియదు. "మట్టి పిసుకుతడు" అని మాత్రం చెప్పేది.

పక్కింటి పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. "పదార్థమా? తియ్యటిదా, కారపుదా?"

"మా అల్లునికి చాయ్ పెట్టుకునుడు గూడ రాదు. పదార్థం యాడ జేస్తడు?" అంది అవ్వ, ఏడుపు ఆపి, అనుమానంగా.

పదార్థమంటే తినేది కాదు, మట్టి, ఇనుము, గాజు లాంటివాటిని కూడా పదార్థాలే అంటారని నేను బడిలో చెప్పినట్టే ఓపిగ్గా చెప్పాను. అందరూ తలలూపారు. సాయంత్రానికి మా లైన్లలో తేలిన సారాంశం ఏమిటంటే, మా బావ తినే మట్టిని కనిపెట్టాడు.

మా బాపు ఇంటి వెనక కొలిమి దగ్గర ఉన్నాడు. ఆయన గని వర్క్‌షాపులో కమ్మరి. సెలవు రోజున కూడా ఇనుము చూడకపోతే తోచదని పెరట్లో ఒక చిన్న కొలిమి పెట్టుకున్నాడు. లైనులోని కొడవళ్ళు, కత్తిపీటలు అన్నీ అక్కడికే వచ్చేవి. నేను వెళ్ళి విషయం చెప్పాను.

"ఏం జేసిండట?"

"ఎంత మంటల పెట్టినా కరగని ఇటుక లాంటిదట బాపూ."

బాపు సుత్తి పక్కన పెట్టాడు. నిప్పుకు లొంగని వస్తువు ఉంటుందన్న మాట ఆయనకు అల్లుడి గొప్పలా వినపడలేదు. తన వృత్తి మీద ఎవరో వేసిన నిందలా వినపడింది. పైగా మొదటినుంచీ ఆయనకు బావ మీద ఒక ఫిర్యాదు ఉంది. పెళ్ళిచూపుల నాడు పిల్లవాడి చేతులు చూసి ఇంటికొచ్చాక, "గా చేతులేంది, పురిటిపిల్ల చేతుల్లెక్క ఉన్నయి" అన్నాడు. అక్కకు మాత్రం ఆ చేతులే నచ్చాయి.

"కరగదా?" అన్నాడు బాపు. "రానియ్. జూద్దాం."

క్లబ్బులో సన్మానమన్నారు. సెక్రెటరీ కరపత్రాలు వేయించాడు. బహుమతి పొందిన పదార్థాన్ని ప్రజల దర్శనార్థం వేదికపై ఉంచుతామని అందులో పెద్దక్షరాలతో రాయించాడు. అనుకున్న ఆదివారం పొద్దున ప్యాసింజరులో అక్కా బావా దిగారు. బావ చేతిలో బిస్కట్ల డబ్బా. అందులో దూది, దూది మధ్య సబ్బు బిళ్ళంత బూడిదరంగు ముక్క. ఉన్నది అదొక్కటే, మిగతావి ఢిల్లీవాళ్ళు ఉంచుకున్నారన్నాడు. వెల్వెట్ పెట్టెలో ఒక పతకం కూడా తెచ్చాడు. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బంగారందా బిడ్డా?"

"కాదత్తమ్మా, కంచుది."

"పోనీలే. కంచైతే మోగుతది" అని జాగ్రత్తగా పెట్టెలో పెట్టేసింది.

మధ్యాహ్నం గారెలు, కోడికూర. బావ మొహమాటానికి ఎక్కువే తిన్నాడు. చెయ్యి కడుక్కుని మంచం మీద కూర్చోగానే బాపు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అల్లుడా, గా ముక్కను జర నా కొలిమిల పెడ్దామా?"

బావ ముఖం చూడాలి. ఆ ముక్క ఎంతెంత వేడిని తట్టుకుందో, ఏ యంత్రంలో పరీక్షించారో నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. బాపు అంతా విని, "గది కరెంటు మంట. ఇది బొగ్గు మంట" అన్నాడు. ఆయన ఇంట గారెలు తిన్న కడుపుతో కాదనడం ఏ అల్లుడి వల్ల అవుతుంది? బావ డబ్బా పట్టుకుని లేచాడు.

కొలిమికి గాలి ఊదే తిత్తి గొలుసు లాగే పని నాది. చిన్నప్పటి నుంచీ అదే నా పని, టీచరునైనా తప్పలేదు. బాపు ఆ ముక్కను నిప్పుల నడుమ పెట్టి, పోలిక కోసం పక్కన ఒక పాత రైలుపట్టా మేకు పెట్టాడు. మేకు ఎర్రబడింది, పసుపైంది, చివరికి తెల్లబడి చివర్నుంచి రవ్వలు చిమ్మసాగింది. ముక్క కూడా తెల్లగా వెలిగింది కానీ దాని అంచులు అంచుల్లాగే ఉన్నాయి. బాపు ఇంకా ఊదమన్నాడు. నా భుజాలు పడిపోతున్నా లాగాను. మేకు కొన వంగి జారిపోయింది. ముక్క అలాగే ఉంది.

బాపు భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. వంగి ముక్క అంచులు మరోసారి చూశాడు. తర్వాత, "మొండిదే" అన్నాడు.

బాపు నోట ఆ మాట మేము ఒక్క ఇనుము గురించే విన్నాం. బావ కళ్ళు మెరిశాయి. ఢిల్లీలో పతకం మెడలో వేసినప్పుడు కూడా అతను అంత సంతోషపడి ఉండడు. అక్క గడపలో నిలబడి నవ్వుతోంది. అంతా అక్కడితో ఆగితే బాగుండేది. బాపు పట్టకారుతో ముక్కను తీశాడు. తీసి, రోజూ కొడవలిని ముంచినట్టే, పక్కనున్న నీళ్ళ తొట్టిలో ముంచాడు.

దీపావళి టపాకాయ పేలినట్టు ఠప్పుమంది. నీళ్ళు నా చీర మీదికి ఎగిరాయి. ఆవిరి తగ్గాక చూస్తే పట్టకారు మధ్య ఏమీ లేదు.

"బాపూ!" అని అక్క కేక.

"మామా, నీళ్ళల ఎందుకు ముంచినవ్?" బావ గొంతు సన్నగా వచ్చింది.

"మరి కాలినదాన్ని సల్లార్చద్దా?"

"మేం రెండు దినాలు మెల్లమెల్లగ సల్లార్చుతం, భట్టీలనే ఉంచి."

"రెండు దినాలా?" బాపు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "షిఫ్టోళ్ళు ఊకుంటరా?"

అవ్వ వంటింట్లోంచి వచ్చి తొట్టిలోకి తొంగి చూసింది. బాపుతో మాట్లాడకుండా గోడతో మాట్లాడింది. "ఢిల్లోళ్ళు ఏండ్లకేండ్లు ఆలోచన జేసి ఇచ్చినదాన్ని ఈ మనిషి నిమిషంల నీళ్ళపాలు జేసిండు."

బాపు తల దించుకున్నాడు. ఆయన తప్పు ఒప్పుకున్నట్టు కనిపించడం నేను చూసింది అదే మొదటిసారి. కానీ బావ మా మాటలు వినడం లేదు. చొక్కా చేతులు పైకి మడిచి, తొట్టిలో చేపల కోసం వెతికినట్టు వెతికి, ఒక్కో ముక్కా తీసి ఎండలో పెట్టి విరిగిన అంచులు చూస్తున్నాడు. కాసేపటికి తలెత్తాడు.

"మామా, కంసాలోళ్ళు బంగారం కరగబెట్టే మూసలుంటయి గదా, మట్టివి. అవి నీళ్ళల పెడితే పలుగుతయా?"

"మంచిగ జేసినవి పలగవు" అన్నాడు బాపు, మెల్లగా. "ఉత్త మట్టితోటి జెయ్యరు. ఊక కలుపుతరు. పలిగిన పాత మూసలను దంచి గా పొడి గూడ కలుపుతరు."

"పాత మూసల పొడి!" అని బావ లేచి నిలబడ్డాడు. పెన్సిలు అడిగాడు. నేను బడి సంచిలోంచి ఇచ్చాను. కాగితం దొరక్క తన సన్మాన కరపత్రం వెనకే రాసుకున్నాడు. ఊక ఎంత, పొడి ఎంత సన్నగా, ఎన్ని రోజులు నానబెడతారు. అడిగిందే అడిగాడు. బాపు తొట్టి అంచున కూర్చుని, తప్పు చేసినవాడి వినయంతో అన్నిటికీ జవాబు చెప్పాడు.

నాలుగింటికి సెక్రెటరీ వచ్చాడు. వేదిక మీద పదార్థం కోసం ఎర్రటి వెల్వెట్ పరిచిన కుర్చీ వేయించాడట. "వస్తువేది?" అన్నాడు. చెప్పాం. ఆయన మంచం మీద కూలబడ్డాడు. "కరపత్రంల దర్శనమని రాయించిన. జనం వచ్చి కూసున్నరు. ఏం జూపియ్యాలె? తొట్టి తీస్కపోవాల్నా?"

అవ్వ లోపలికి వెళ్ళి, స్నానాల గది నుంచి కాళ్ళు రుద్దుకునే నల్ల రాయి తెచ్చింది. "గిది పెట్టుండ్రి. ఎవలకు తెలుస్తది?"

"వద్దత్తమ్మా" అన్నాడు బావ. సెక్రెటరీ అప్పటికే దాన్ని శాలువాలో చుట్టేశాడు.

క్లబ్బు నిండిపోయింది. జనం వరుసగా వేదిక ఎక్కి రాయిని చూసి దిగుతున్నారు. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే ఒక ముసలాయన దాన్ని తాకి కళ్ళకద్దుకున్నాడు. ఇంకొకాయన వంగి వాసన చూసి, "వాసన గూడ మంచిగున్నది" అన్నాడు. ఉండదా మరి, అవ్వ పసుపూ సున్నిపిండీ ఎన్నేళ్ళుగా పట్టాయో దానికి! మా లైను ఆడవాళ్ళ వంతు వచ్చింది. పక్కింటి పెద్దమ్మ రాయిని చూసింది. అవ్వను చూసింది. మళ్ళీ రాయిని చూసింది. అవ్వ పైకప్పు రేకుల్ని శ్రద్ధగా పరిశీలిస్తోంది.

సెక్రెటరీ చాలాసేపు మాట్లాడాడు. అగ్నిదేవుడే ఓడిపోయాడన్నాడు. బావ మెడలో బంతిపూల దండ వేసి మాట్లాడమన్నాడు. బావ లేచి మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఆ కుర్చీల ఉన్నది నేను చేసింది కాదు. మా అత్తమ్మ కాళ్ళు రుద్దుకునే రాయి."

సెక్రెటరీ కళ్ళు మూసుకున్నాడు.

"నాది మధ్యాహ్నం మా మామ పలగ్గొట్టిండు."

ముందు వర్క్‌షాపువాళ్ళు కూర్చున్న మూల నుంచి ఒక నవ్వు వచ్చింది. తర్వాత హాలంతా నవ్వింది. కళ్ళకద్దుకున్న ముసలాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వులు తగ్గేదాకా ఆగి బావ అన్నాడు: "నవ్వేటందుకు చెప్తలేను. ఢిల్లీల ఐదుగురు పెద్దమనుషులు దాన్ని చూసిండ్రు. ఒక్కరు గూడ నీళ్ళల ముంచి చూడలే. నాకు గూడ తోచలే. దానికున్న లోపం ఇయ్యాల మా మామ చేతులనే బయటవడ్డది. గిప్పుడు ఇంకోటి చెయ్యాలె."

వర్క్‌షాపువాళ్ళు ఈలలు వేశారు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ బాపును ఎత్తుకొచ్చినంత పనిచేసి వేదిక ఎక్కించారు. రెండో దండ లేదు. బావ తన మెడలోది తీసి మామ మెడలో వేశాడు. మైకు బాపు ముందు పెట్టారు. ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక్క ఉపన్యాసం నాకు మొత్తం గుర్తుంది.

"పెట్టిన. పలిగింది. మల్ల జేస్కరమ్మన్న."

చెప్పి దిగిపోయాడు. మా బావ దండ లేని మెడతో నవ్వుతూ నిలబడి ఉంటే, ఇంతకాలం మట్టి పిసికేవాడని నేనూ లోలోపల చులకన చేసినందుకు సిగ్గేసింది.

చాలా నెలల తర్వాత హైదరాబాదు నుంచి ఒక పార్సెల్ వచ్చింది. లోపల కొత్త ముక్క, 'ముంచి చూడుండ్రి మామా' అన్న ఒక్క వాక్యంతో చీటీ. బాపు పనికి సెలవు పెట్టాడు. లైనంతా మా పెరట్లోనే. ముంచిన ప్రతిసారీ ఠప్పుమంటుందని అవ్వ చెవులు మూసుకుంది. మూడుసార్లు కాల్చి ముంచినా ఏమీ కాలేదు. నాలుగోసారి బాపు దాన్ని తీసి, వెలుతురులో పెట్టి, కళ్ళు చిట్లించి చూసి, "మీ బావకు ఉత్తరం రాయి బిడ్డా" అన్నాడు నాతో. "నాలుగోపారి ఎంటికంత సన్నటి పగులొచ్చింది. మూడు మాత్రం నిలవడ్డది. అబద్ధం రాయకు." రాశాను. మూడుసార్లు నిలబడితే తన పనికి చాలునని బావ వారంలోపే జవాబిచ్చాడు.

ఇది జరిగినందువల్ల మా ఇంటికి ఒక నష్టం మాత్రం కలిగింది. కొత్త వస్తువు ఏది కనపడినా పరీక్షించాలన్న పిచ్చి బాపుకు పట్టుకుంది. మరుసటేడు అక్క హైదరాబాదు నుంచి ఎర్రటి ప్లాస్టిక్ మగ్గు తెచ్చింది. మా లైనులో అదే మొదటిది. ఇరుగుపొరుగు వచ్చి గోటితో కొట్టి చూసి వెళ్ళేవారు. అవ్వ దాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంది. ఒక సాయంత్రం ఆమె కట్టెల కోసం వెళ్ళి వచ్చేసరికి పెరట్లోంచి నల్లటి పొగ, ఊపిరాడని వాసన. బాపు కొలిమి ముందు నిలబడి, పట్టకారు కొసన ఎర్రటి తీగలా సాగి కారుతున్నదాన్ని సానుభూతితో చూస్తున్నాడు.

"తిత్తి గూడ ఊదలే" అన్నాడు అవ్వతో. "ఉత్తగనే పాణం ఇడిసింది."

అవ్వ నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఈసారి గోడతో కూడా మాట్లాడలేదు.