పూజలో పెట్టిన టార్క్ రెంచ్

2004వ సంవత్సరం. కలకత్తా గార్డెన్ రీచ్‌లో, డాక్ గోడ వెనక నేనూ హారూదా కలిసి గ్యారేజీ నడిపేవాళ్లం. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చిన పోర్టు కూలీ. మాది చర్చికి వెళ్లే కుటుంబం. హారూదా బెంగాలీ, నాకంటే పదేళ్లు పెద్ద, అందుకే అన్న అన్నట్టు దాదా అనేవాణ్ణి. ఆ ఏడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక బిల్డింగ్ కాంట్రాక్టరు తన పాత రెండు తలుపుల కూపేకి ఎయిర్ సస్పెన్షన్ పెట్టమన్నాడు. ఇనప స్ప్రింగులు తీసేసి రబ్బరు గాలి తిత్తులు బిగించాలన్నమాట. కంప్రెసర్ గాలి నింపితే కారు లేస్తుంది, గాలి వదిలితే నేలకి దిగుతుంది. పెళ్లిళ్ల దగ్గర గొప్పకి తప్ప ఆ గోతుల రోడ్ల మీద ఎందుకో నాకు అర్థం కాలేదు. పైగా ఆయన కొన్న వెడల్పు చక్రాలకి ఐదు బోల్టులు, పాత హబ్‌లకి నాలుగే. హబ్ అంటే చక్రాన్ని పట్టుకుని బేరింగ్ మీద తిరిగే ముక్క. నాలుగు హబ్‌లూ మార్చాల్సి వచ్చింది. ముందు చక్రాల హబ్ నట్ వదులైతే చక్రం ఊగుతుంది, మరీ బిగిస్తే బేరింగ్ కాలిపోతుంది. అందుకే ఎంత బిగిసిందో కొలిచి చూపే టార్క్ రెంచ్ వాడతాం.

కారు విశ్వకర్మ పూజ మర్నాడు ఇస్తామని చెప్పాం. పెద్దమనిషి పూజ రోజు పొద్దున్నే ఊడిపడ్డాడు. బడ్జ్ బడ్జ్‌లో తన వర్క్‌షాపు పూజలో కారుకి దండ వేయాలట. ఎడమ ముందు హబ్ ఒక్కటే బిగించాల్సి ఉంది. ఆ రోజు పనిముట్లన్నీ దేవుడి ముందుంటాయి, ఎవరూ ముట్టుకోరు. నేను కొనుక్కున్న టార్క్ రెంచ్ కూడా బొట్టు పెట్టుకుని బంతిపూల కింద ఉంది.

"రేపు తీసుకెళ్లండి," అన్నాను.

"ఒక్క చక్రానికి ముహూర్తం కావాలా? మీలాంటి మిస్త్రీలు నాకు వందమంది!" అని అరిచాడు.

హారూదా భయపడిపోయాడు. వీధిలో ఆగిన లారీ డ్రైవర్ని స్పానర్ అడిగి తెచ్చి, దానికి పైపు తొడిగి, బలం కొద్దీ నట్ బిగించేశాడు. నేను పక్కనే నిలబడి చూశాను.

కారు తీసుకెళ్లింది అప్పలనాయుడు మావ. శ్రీకాకుళం మనిషి, ఆ కాంట్రాక్టరు ఇంట్లో పద్దెనిమిదేళ్లుగా డ్రైవరు. దారిలో చక్రం మూలుగుతోందని చెబితే యజమాని నోరు మూసుకుని పోనివ్వమన్నాడట. పొగ రాగానే మావ బండి పక్కకి ఆపి, ఇక కదపనన్నాడు. పూజ వేళ దాటిపోయిందని ఆ రోడ్డు మీదే ఆయన్ని పనిలోంచి తీసేశాడు ఆ మహానుభావుడు!

మర్నాడు కారు తాడు కట్టి లాక్కొచ్చారు. యజమాని వచ్చాడు, మావా వచ్చాడు. హబ్ విప్పితే బేరింగ్ కాలి నీలంగా ఉంది.

"డ్రైవరే పాడుచేశాడని ఒక్క మాట చెప్పు చాలు. రేపు డ్రైవర్ల యూనియన్ వాళ్లు వచ్చి అడుగుతారు," అన్నాడు యజమాని.

"తప్పు మాది. ఆయన ఆపకపోతే చక్రం బిగుసుకుపోయి మీ ప్రాణం పోయేది," అన్నాను.

"సరే, తప్పు మీదైతే బాగుచెయ్యండి. వాడు మాత్రం నాకొద్దు. నా మాట కాదని బండి ఆపాడు."

ప్రాణం కాపాడిన మనిషికి దక్కిన మర్యాద అది. చేతిలో ఉన్న బేరింగ్ ఆయన మొహాన కొట్టాలనిపించింది. మావ తాళాలు బానెట్ మీద పెట్టి బయటికి నడిచాడు. నేను వెనకాలే పరుగెత్తాను.

"మావా, నేను ఉన్నదున్నట్టు చెప్పాను."

"ఇయాల సెప్పినావు బాబూ. నిన్న ఏటి సేసినావు? నువ్వు సూత్తన్నావు గదా. నాతో ఒక్క మాట ఎందుకు సెప్పలేదు?"

నా దగ్గర జవాబు ఉంది. కొలవకుండా బిగించామని చెబితే రెంచ్ ఎందుకు తీయలేదని అడుగుతారు. చర్చికి వెళ్లేవాణ్ణి, పూలలోంచి రెంచ్ తీస్తే పూజ చెడగొట్టాడంటారని జంకాను. ఆ మాట ఆయన మొహం చూసి చెప్పడానికి సిగ్గేసింది. ఆయన మెటియాబ్రుజ్ ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

యజమాని మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. నా మీద కోపం అంతకంటే ఎక్కువ. మరుసటి ఏడు పూజకి హారూదా పనిముట్లు సర్దుతూ టార్క్ రెంచ్ కోసం చెయ్యి చాచాడు.

"ఇది ఇవ్వను దాదా, నా దగ్గరే ఉంటుంది," అన్నాను.

"ఉంచుకో," అన్నాడు హారూదా, మిగతావి కడుక్కుంటూ.

అంతే. ఆ మాట అంత సులువని ఏడాది ముందే తెలిసి ఉంటే అప్పలనాయుడు మావ ఉద్యోగం ఉండేది.