లేతాకు తట్ట, ముదురాకు తట్ట

2009లో చింతామణిలో నాకు చిన్న కంప్యూటర్ సర్వీసు అంగడి ఉండేది. ఒక పొద్దున శిడ్లఘట్టలోని పట్టుగూళ్ళ సంఘం నుంచి ఫోనొచ్చింది. రైతుల గూళ్ళకు లాట్ నంబర్లిచ్చే ప్రోగ్రాం తెరుచుకోవడం లేదు. నంబరు లేనిదే వేలం లేదు.

వెళ్ళి చూస్తే సంగతి తెలిసింది. ఆ ప్రోగ్రాం జాంగోతో రాసింది. జాంగో అంటే పైథాన్ అనే కంప్యూటర్ భాషలో వెబ్ ప్రోగ్రాములు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్. లాట్ నంబర్ల ప్రోగ్రాముకు జాంగో పాత వెర్షన్ కావాలి. రైతులకు ధరలు మెసేజ్ పంపే కొత్త ప్రోగ్రాం కోసం ముందురోజు ఎవరో కొత్త జాంగోను సిస్టమ్ ప్యాకేజీగా ఎక్కించి పోయారు. సిస్టమ్ ప్యాకేజీ మిషన్ మొత్తానికీ ఒక్కటే. కొత్తది వస్తే పాతది పోతుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా.

"వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెడతాను సార్. ఏ ప్రోగ్రాముకు దాని ఫోల్డరు, అందులో దాని జాంగో," అన్నాను.

సంఘం మేనేజరు కంప్యూటర్ ముందున్న కుర్చీ వదల్లేదు. "నిన్న ఒకాయన ముట్టుకుంటే ఇట్లయింది. నువ్వూ ముట్టుకుంటే ఉండేదీ పోతాది. ఎక్కించినోళ్ళే రేపు బెంగళూరు నుంచి వస్తాండారు, వాళ్ళే చూసుకోనీ."

నేను ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

కిటికీ దగ్గర మిట్టేమరి రైతు నారాయణమ్మ నిలబడి ఉంది. ఆమె అమ్మకానికి తెచ్చిన గూళ్ళన్నీ పక్కనున్న సంచుల్లోనే ఉన్నాయి. "రేపటికి నావి ఆగవు సార్. ఇప్పటికే ఆలస్యమయినాయి. పురుగుకి రెక్కలొచ్చి గూడు తొలుచుకొని వస్తే ఇంక దారం యాడుంటాది?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చేసేదేందో నాకు చెప్పప్పా," అంది.

చెప్పాను. ఆమె మేనేజరుకు తన మాటల్లో చెప్పింది.

"మా ఇంట్లో ఇప్పుడు రెండు పంటలుండాయి సార్. చిన్న పురుగుకి లేతాకు, పెద్ద పురుగుకి ముదురాకు. ఒకే తట్టలో ఏస్తే రెండూ చెడతాయి. అందుకే తట్టలు వేరే పెడతాము. ఈయప్ప పెడతాననేదీ తట్టలే."

మేనేజరు నవ్వి కుర్చీ ఖాళీ చేశాడు.

పాత జాంగో నా పెన్‌డ్రైవులో ఉంది. రెండు ఎన్విరాన్‌మెంట్లు కట్టి, దేని జాంగో దానికిచ్చాను. రెండు ప్రోగ్రాములూ లేచాయి. మధ్యాహ్నం వేలంలో నారాయణమ్మ గూళ్ళు ఒక్కటీ పురుగు తొలవకముందే అమ్ముడుపోయాయి. వెళ్ళేముందు ఒక గూడు నా చేతిలో పెట్టి, "నీ చెయ్యి చల్లగుండనీ," అంది.

ఆ రోజు నా పని నాకు తెలుసు. నమ్మించడమే తెలియలేదు. అవతలి మనిషి వాడుకలోని మాటతో మొదలుపెట్టాలని నేర్పింది ఆమే. అప్పటి నుంచి నేను కట్టిన ప్రతి మిషన్‌లోనూ ఎన్విరాన్‌మెంట్లు ఉండే ఫోల్డరు పేరు 'తట్టలు'. ఆ పేరేమిటని అడిగిన వాళ్ళందరికీ నారాయణమ్మ సంగతి చెబుతాను.