గ్యాసే అన్న కాకా

అమ్రోలి నుంచి రింగ్ రోడ్ వెళ్లే బస్సులో నా పక్కనున్న మరమగ్గం కార్మికుడు ఛాతీ పట్టుకుని చెమటతో తడిసిపోయాడు.

“గ్యాస్ తమ్మి. సోడా తాగితే పోతది.”

“ఎడమ చెయ్యి గుంజుతాందా కాకా?”

“అవ్.”

“చేతిల గ్యాసుంటదా? దిగు.”

రాత్రి షిఫ్టు దిగి వస్తున్న నాకు ప్రాణాలు కాపాడే ఓపిక లేదు. వాదించే ఓపిక అంతకన్నా లేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. గుండె రక్తనాళం మూసుకుపోయిందనీ, వెంటనే స్టెంట్ వేయాలనీ చెప్పారు.

స్ట్రెచర్ మీద నుంచే తన టిఫిన్ డబ్బా నా చేతిలో పెట్టాడు. “తిను, పాడైతది.”

గేటు దగ్గర కూర్చుని తినేశాను.

మర్నాడు డబ్బా ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్తే, స్టెంట్ వేయించుకుని మంచంమీద కూర్చుని ఉన్నాడు. దండం పెడతాడేమోనని భయపడ్డాను.

“పప్పుల ఉప్పు సరిపోయిందా?”

“జర ఎక్కువైంది.”

“మంచిగ తిన్నవ్ తమ్మి. నాకిగ ఉప్పు బంద్ అన్నరు.”