కొర్రమీను పిల్లలకు నేను కాపలా కాసిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్లకు తెప్ప మీద చోటు లేదు. ఇప్పుడు నానక్‌రామ్‌గూడ అంటే అందరికీ అద్దాల ఆఫీసులే గుర్తొస్తాయి గానీ, అప్పట్లో అది చెరువును నమ్ముకున్న చిన్న ఊరు. మా తాత ఆ చెరువులో చేపలు పట్టేవాడు. జమ్ముగడ్డి కట్టలు పేర్చి కట్టిన తెప్ప మీద పొద్దున్నే వలలు తీయడానికి వెళ్తూ మా అన్నలిద్దరిలో ఒకడిని ముందు కూర్చోబెట్టుకునేవాడు. నేను గట్టు మీద నిలబడి చూడాలి. వాళ్లు తిరిగొచ్చాక చేపలు కడగడానికి మాత్రం నేను కావాలి! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాకు పదేళ్లప్పుడు, తొలకరికి చెరువులోకి కొత్తనీరు వచ్చిన రోజుల్లో, నన్నూ తెప్ప ఎక్కించుకోమని తాత వెంటపడ్డాను. మూడు రోజులు ఆయన ప్రాణం తోడేశాక నవ్వి, "నీ గాలంతోని ఒక్క కొర్రమీనును పట్టుకరా. గప్పుడు ఎక్కిచ్చుకుంట" అన్నాడు. గాలంతో కొర్రమీను పట్టడం మా అన్నలకే చేతకాదు. నా నోరు మూయించడానికే ఆ మాట అన్నాడని నాకు తెలుసు. తెలిసీ పంతం పట్టాను.

రెండు రోజులు ఏమీ పడలేదు. మూడో రోజు ఒడ్డున జమ్ము పక్కన చాటంత మేర నీళ్లు ఎర్రగా కదులుతూ కనిపించాయి. దగ్గరికి వెళ్లి చూస్తే వందల కొద్దీ చేపపిల్లలు, బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దవి, ఒక్క గుంపుగా పైకి తేలుతూ మునుగుతూ ఉన్నాయి. వాటి కింద ఏదో పెద్దది మెదిలింది. గాలానికి చిన్న కప్పను గుచ్చి అక్కడే వేశాను. వేసీ వేయగానే లటుక్కున అందుకుంది. లాగి చూస్తే నా మోచేయంత కొర్రమీను! దాన్ని లంగాలో చుట్టుకుని వీధంతా వినబడేలా కేకలు పెడుతూ ఇంటికి పరుగెత్తాను.

తాత వాకిట్లో వల బాగు చేస్తున్నాడు. చేపను చూసి మురిసిపోయాడు. "యాడ పట్టినవ్ బిడ్డా?" అని అడిగితే, ఎర్ర పిల్లల సంగతితో సహా గొప్పగా చెప్పాను. ఆయన చేతులు వల మీద ఆగిపోయాయి. నన్ను కాదు, మా అన్నల వైపు చూశాడు. "దీనికి ఎవ్వలు చెప్పలేదారా?" అన్నాడు. మళ్లీ తనే, "చెప్పాల్సింది నేనే. తప్పు నాదే" అన్నాడు తాత మెల్లగా.

ఎర్రగా ఉన్నవి దాని పిల్లలట. అవి నల్లబడేదాకా తల్లీతండ్రీ వాటిని విడిచిపెట్టి పోవట. అది నా కప్పను ఆకలితో పట్టలేదు, పిల్లల జోలికి వచ్చిందన్న కోపంతో పట్టింది. అందుకే మావాళ్లు నీళ్ల మీద ఎరుపు కనబడితే అక్కడ వల వేయరు, గాలం వేయరు, తెప్పను చుట్టు తిప్పుకుని పోతారు. కాపలా లేని పిల్లలను పిట్టలూ పెద్ద చేపలూ ఒక్క పూటలో మింగేస్తే మళ్లీ ఏటికి చెరువులో ఏముంటుంది? ఈ సంగతి తెప్ప మీద కూర్చున్న మగపిల్లలందరికీ తెలుసు. గట్టు మీద నిలబడే నాకెవరు చెబుతారు?

నేను బావురుమన్నాను. తాత మాత్రం చేపను బకెట్లో నీళ్లలో వేసి, "ఏడ్వకు, కొర్రమీను గంత జల్ది సావది. నడువు" అని చెరువు దగ్గరికి తీసుకెళ్లాడు. "గాలం గుచ్చుకున్న దీని నోటికి పసుపు పెట్టి జరసేపు ఆపి ఇడుస్త. అందాంక గా పిల్లలకు నువ్వే తల్లివి, జర సూస్కో" అని చెప్పి గట్టు మీద కూర్చున్నాడు.

మోకాలి లోతు నీళ్లలో దిగి కట్టె పట్టుకుని కాపలా మొదలుపెట్టాను. లకుముకి పిట్ట వస్తే కట్టె ఊపాను. కొంగ వస్తే అరిచాను. నీటికాకి ఇటు మునిగి అటు తేలుతుంటే దాన్ని తిట్టిన తిట్లు మా అమ్మ వినలేదు కాబట్టి బతికిపోయాను. పైగా అడుగున ఎండ్రకాయ ఒకటి నా పిక్కలు పట్టి పీకుతోంది. ఎగిరాను, గెంతాను గానీ అక్కడి నుంచి కదల్లేదు. చివరికి తాత వచ్చి చేపను వదిలాడు. అది జమ్ములోకి జారుకుని, కాసేపటికి పిల్లల కిందికి చేరింది.

ఒక్క పిల్లనైనా పోనివ్వలేదని నేను గొప్పలు మొదలుపెట్టగానే తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "గది ఎండ్రకాయ కాదు పిల్లా, వాటి నాయిన! నీ కాళ్ల సందులకెల్లే రెండుసార్లు తల పైకెత్తి గాలి పీల్చుకున్నది. నిన్ను దొంగ అనుకొని కరిసింది" అన్నాడు. నా పిక్కల మీద ఎర్రటి గాట్లు చూసుకుని నేనూ పడీపడీ నవ్వాను. ఇంటికి ఒక్క చేపా తేలేదు కాబట్టి పందెం ఓడిపోయినట్టే. కానీ తెల్లారి తాతే నన్ను లేపి, తెప్ప ముందు కూర్చోబెట్టి, ఎరుపు ఎక్కడ కనిపించినా చెప్పమన్నాడు. అన్నలు గట్టు మీద మూతులు ముడుచుకుని నిలబడ్డారు. నా జీవితంలో అంత సంతోషమైన ఉదయాలు ఎక్కువ లేవు.

ఇప్పుడు ఆ చెరువు చుట్టూ నడకబాట ఉంది. పోయిన వానాకాలం ఒక ఆఫీసు కుర్రాడు, పక్కన తన చిన్న కూతురితో, సరిగ్గా ఎర్ర గుంపు మీదికి గాలం విసరబోయాడు. వద్దన్నాను. "ఇక్కడ పట్టకూడదాండీ? ఎవరూ చెప్పలేదు" అన్నాడు పాపం. తెలియక తప్పు చేసేవాళ్లను చూస్తే తిట్టడానికి నాకు నోరు రాదు. వీళ్లకు చెప్పాల్సినవాళ్లెవరు, నేనే కదా అనిపిస్తుంది. మా తాత నాకిచ్చిన గుణం అది. అతను గాలం పక్కన పెట్టి, ఏమిటో చెప్పమన్నాడు. నేను మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా కిందికి వంగి, ముందు ఆ పాపకు చెప్పాను.