రెండో డిస్కు

నాకు అనుమానం కాస్త ఎక్కువ. కూరగాయల కొట్లో తక్కెడ ముల్లు చూడనిదే సంచి పట్టను. గ్యాస్ సిలిండరు సీలు చూడనిదే సంతకం పెట్టను. రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్లే దారిలో కొత్తగా కట్టిన ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ల బాధ్యత నాకు అప్పగించింది ఈ గుణం చూసేనని అప్పట్లో గర్వపడేదాన్ని కూడా.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. పిల్లల హాజరు, ఇంటర్నల్ మార్కులు అన్నీ ఒకే సర్వర్లో ఉండేవి. ఒకసారి దాని డిస్కు పాడైపోతే, మార్కులన్నీ కాగితాలు వెతికి మళ్లీ ఎక్కించడానికి పది రోజులు పట్టింది. ఆ దెబ్బతో కొత్త సర్వరు కావాలని, అందులో రెండు డిస్కులు పెట్టి రెయిడ్ చేయించాలని పట్టుబట్టాను. ఒక డిస్కులో రాసిందల్లా అదే క్షణంలో రెండోదాంట్లోనూ పడుతుంది. ఒకటి పోయినా పని ఆగదు.

కాకినాడ కంపెనీ నుంచి టెక్నీషియన్ వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. హార్బరు దగ్గర చేపల వేట చేసుకునే కుటుంబమని, ఇంట్లో నెలజీతం తెచ్చే మొదటి మనిషి తనేనని కాఫీ తాగుతూ చెప్పాడు. నేను వింటూనే డిస్కుల మీది నంబర్లు నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఇలా వచ్చేవాళ్లు కొత్తది తీసేసి పాతది తగిలించి పోతారని అందరూ చెప్పుకునేవారు. వెళ్లేముందు అతని బ్యాగు తెరిచి చూపించమన్నాను. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి తెరిచాడు. అందులో స్క్రూడ్రైవర్లు, సీడీల సంచి, టిఫిన్ బాక్సు తప్ప ఏమీ లేవు.

అంతకుముందు, అతనింకా పనిలో ఉండగానే, కాలేజీ కట్టించిన కరస్పాండెంటు గారు గదిలోకి వచ్చి చూశారు. ఆయన తాతల నాటి నుంచీ వరిచేలు చేసిన రైతు. రెండింట్లోనూ ఒకటే ఉంటే రెండోది దేనికని అడిగారు.

“పడవకి రెండు తాళ్లు కట్టినట్టేనండి. ఒకటి తెగినా పడవ కొట్టుకుపోదండి,” అన్నాడు టెక్నీషియన్. సర్వరు నడుస్తుండగానే ఒక డిస్కుని పిడి పట్టి బయటికి లాగి చూపించాడు. సర్వరు కీచుకీచుమంది, నారింజ దీపం వెలిగింది, పని మాత్రం ఆగలేదు. తీసిన డిస్కులో ఉన్నది పోతుందా అని పెద్దాయన అడిగితే, దాంట్లోది దాంట్లోనే ఉంటుందని చెప్పి, డిస్కుని మళ్లీ లోపలికి నెట్టాడు. ఆయన తలూపి వెళ్లిపోయారు.

ఆ శనివారం టెక్నీషియన్ యూపీఎస్ సరిచూడ్డానికి మళ్లీ వచ్చాడు. నేను ల్యాబులో పరీక్ష దగ్గర ఉన్నాను. అరగంట అతను సర్వర్ గదిలో ఒక్కడే ఉన్నాడు. నేను వచ్చేసరికి వెళ్లిపోయాడు. బ్యాగు చూడలేదే అని మనసులో ముల్లు గుచ్చుకుంది. గదికి తాళం వేసి ఇంటికి వెళ్లాను.

సోమవారం పొద్దున్నే వరండాలోకే వినిపించింది కీచు. తలుపు తీశాను. నారింజ దీపం వెలుగుతోంది. రెండో డిస్కు ఉండాల్సిన చోట ఖాళీ.

గుండె ఝల్లుమంది, ఆ వెంటనే, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒకరకమైన సంతోషం కూడా కలిగింది. నా అనుమానం నిజమైంది. శనివారం అతను బ్యాగుని గుండెలకి హత్తుకుని గబగబా బస్సెక్కాడని అటెండరు చెప్పాడు. బస్సు కదిలిపోతుంటే ఎవరైనా అలాగే ఎక్కుతారు. ఆ మాటా, శనివారం నేను తాళం వేసేటప్పుడు కీచు వినపడలేదన్న సంగతీ అప్పుడు నాకు తట్టలేదు. గది రెండో తాళంచెవి కరస్పాండెంటు గారి దగ్గర ఉండేది. మౌసు పట్టుకోవడానికే జంకే పెద్దాయన్ని అనుమానించాలని ఎవరికి తోస్తుంది? ఆయన పెద్దాపురం దగ్గర బావమరిది గారింటికి వెళ్లారని ఆఫీసులో చెప్పారు. ఫోను చేసి చెప్పొచ్చు. దొంగని పట్టుకున్నాకే చెబుదామని ఊరుకున్నాను.

కాకినాడకి మాత్రం ఫోను చేశాను. మంగళవారం సాయంత్రంలోగా డిస్కు తిరిగిరాకపోతే అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తామని కంపెనీ మేనేజరు అన్నాడు. సరేనన్నాను. ఇంట్లో నెలజీతం తెచ్చే మొదటి మనిషి అన్న మాట గుర్తుకు రాకపోలేదు. దొంగలకీ కుటుంబాలుంటాయి అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం అతను వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. రాత్రి నిద్రపోయిన ముఖం కాదు.

“మేడమ్, నేను దొంగతనం చేయాలనుకుంటే ఇంకో డిస్కు పెట్టి తీస్తానండి. వెనకాల కీచుమని అరిచేలా వదిలి వెళ్తానాండి?” అన్నాడు.

ఆ మాటలో న్యాయం ఉంది. అది నాకు తెలిసింది. అయినా, తెలివైన దొంగ ఇలాగే మాట్లాడతాడు అనుకున్నాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు, దానికి ఏది పెట్టినా తినేస్తుంది.

అంతలో కరస్పాండెంటు గారి కారు వచ్చింది. గుమ్మం దగ్గర మమ్మల్ని చూసి సంగతేంటని అడిగారు. చెప్పాను. ఆయన నావైపు, అతనివైపు మార్చి మార్చి చూశారు.

“అది మా బావమరిది ఇంట్లో ఉందండి. విత్తనాల బస్తాల మీద పెట్టి వచ్చాను. ఏటా విత్తనాలు సగం మా ఇంట్లో, సగం వాళ్లింట్లో దాస్తామండి. ఒక ఇల్లు కాలినా, మునిగినా రెండోది ఉంటది. రెండూ ఒకే పెట్టెలో ఉంటే ఇంక రెండెందుకండి?”

శనివారం సాయంత్రం, మేమంతా వెళ్లిపోయాక, ఆయనే పిడి పట్టి లాగేశారట. కీచుమంటే దానంతటదే ఆగుతుందనుకున్నారట. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదని అనబోయి ఆగాను. నేనూ ఆయనకి చెప్పలేదు కదా.

డ్రైవరు వెళ్లి డిస్కు తెచ్చాడు. తువ్వాల్లో చుట్టి, పురుగు పట్టకుండా మధ్యలో వేపాకులు కూడా పెట్టారు. టెక్నీషియన్ ఆకులు దులిపి, మెత్తటి గుడ్డతో తుడిచి లోపలికి నెట్టాడు. కీచు ఆగింది. మొదటి డిస్కులో ఉన్నదంతా మెల్లగా రెండోదాంట్లోకి ఎక్కడం మొదలైంది. రెండు గంటలు ఇద్దరం ఆ గదిలో కూర్చుని తెరమీద అంకెలు చూశాం.

మధ్యలో లేచి కాకినాడకి ఫోను చేశాను. డిస్కు దొరికింది, అతన్ని ఏమీ అనొద్దు అని చెప్పాను. తప్పు నాది అనలేదు. పెద్దాయన మాటలో ఉన్న సత్తువ మాత్రం తర్వాత ఒప్పుకున్నాను. కాలేజీలో ఉన్నన్నాళ్లూ ప్రతి శనివారం మార్కుల సీడీ ఒకటి ఆ బస్తాల మీదికి పంపాను.

పని అయ్యాక అతను సామాను సర్దుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, బ్యాగు నా టేబుల్ మీద పెట్టాడు. నేనేమీ అడగలేదు. అతనే ఒక్కో జిప్పూ తీశాడు.

“చూడండి మేడమ్,” అన్నాడు.

అక్కర్లేదు అనాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ అప్పటికే నా కళ్లు బ్యాగు లోపలికి వెళ్లాయి, స్క్రూడ్రైవర్ల మీదుగా, సీడీల సంచి మీదుగా, టిఫిన్ బాక్సు కింద దాకా.