సమ్మెట కింద మాబు ఫోను

ఈ రోజు మధ్యాహ్నం బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలో మా అన్న ఓబులేసు తన స్నేహితుడు మాబు పన్ను రాలగొట్టాడు.

అన్న దగ్గరున్న బిట్‌కాయిన్‌ను, మాబు దగ్గరున్న వేరే రకం కాయిన్‌తో దళారి లేకుండా మార్చుకుంటున్నారు. ఇద్దరూ వాటిని యాప్‌లో తాళం వేసి పెట్టారు. మాబు ఫోన్‌లోని రహస్య సంకేతంతో ఆ తాళం తీస్తే రెండూ చేతులు మారతాయి. తీయకపోతే రేపటికి ఎవరివి వాళ్లకు తిరిగొస్తాయి. అన్నకు మాత్రం తన ఖాతాలో సున్నా ఒక్కటే కనిపించింది.

నేను క్యారియర్ తీసుకుని వెళ్లేసరికి మాబు నోటి నిండా రక్తం. అన్న వాడి ఫోన్‌ను బండ మీద పెట్టి సమ్మెటతో కొడుతున్నాడు.

"యాడికి పంపినావురా నా దుడ్లు?"

"యాడికీ పోలేదన్నా, తాళంలోనే ఉండాయి! ఆ తాళం తీసే ఫోన్‌నే పగలగొడతాండావు!"

సమ్మెట ఆగలేదు. అడ్డం వెళ్లిన నా మోచేయి వాచిపోయింది.

సాయంత్రానికి అన్న మెత్తబడ్డాడు. "రేపు నిజంగా వస్తాయా పాపా?"

"వస్తాయిలే. ముందు మాబు ఇంటికి పోయి తప్పయిందని చెప్పు."

"నువ్వు పోయి చెప్పు. సదువుకున్నదానివి గదా!"

మీ ఇళ్లలోనూ కొట్టేది ఒకరు, క్షమాపణకు వెళ్లేది ఇంకొకరేనా?